వేలిముద్ర పడని అట్ట

మేస్త్రి మోకాళ్ళ మీద వంగి కారు కిందనుంచి అట్టను బయటికి లాగాడు. శుభ్రంగా ఉంది, ఒక్క ఆయిలు చుక్క కూడా లేదు. సంతోషించాల్సింది పోయి ఆయనకు ఒళ్ళు మండింది. నిన్న సాయంత్రం తను పరిచింది బిస్కెట్ల పెట్టె అట్ట, ఒక మూల ఎలుక కొరికింది. ఇది సబ్బుల పెట్టెది. ఇంకా సబ్బు వాసన కూడా పోలేదు.

షెడ్డులో ఆయన్ను చుక్కల మేస్త్రి అంటారు. నీళ్ళతో కాక గాలితో చల్లబడే పాత స్పోర్ట్స్ కార్ల ఇంజన్లు ఆయిలు కారకుండా చూడటం ఆయన పని. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే పని. అవి కారకుండా ఉండవని లోకమంతా సరిపెట్టుకుంది, ఈయన మాత్రం సరిపెట్టుకోలేదు. కూతుర్ని బడిలో చేర్పించడానికి వెళ్ళి, హెడ్మాస్టరు స్కూటరు కింద చుక్క చూసి, దానికి సీలు మార్చి ఇంటికొచ్చాడు. పిల్లను చేర్పించడం మరిచిపోయాడు. ఆ సంగతి చెప్పి భార్య ఇప్పటికీ చుట్టాలను నవ్విస్తుంది.

షెడ్డు పెట్టిన పెద్దాయన ఒక పద్ధతి పెట్టాడు. పని పూర్తయిన ఇంజను కింద రాత్రంతా అట్ట ఉండాలి. తెల్లారి అది పొడిగా ఉంటేనే మేస్త్రి బొటనవేలు ఆయిల్లో ముంచి దానిమీద ముద్ర వేస్తాడు. ఆ అట్ట కారుతోపాటు వెళ్తుంది. మేస్త్రి బొటనవేలికి అడ్డంగా పాత గాటు ఉంది. ముద్రలో అది తెల్లటి గీతలా పడుతుంది. పెద్దాయన పోయాక షెడ్డు కొడుకు చేతికి వచ్చింది. కుర్చీ మార్చాడు, బోర్డు మార్చాడు, అట్ట పద్ధతి మాత్రం ఉంచాడు. వచ్చేవాళ్ళకు అదంటే నమ్మకం మరి.

మేస్త్రి కారు కింద పనిగోతికి కప్పిన పలకలు జరిపి, లోపలికి దిగి లైటు పట్టి చూశాడు. ఆయిలు కిందికి దిగే గొట్టం చుట్టూ బూడిదరంగు పేస్టు పూసి ఉంది. లోపలి రబ్బరు రింగు కాలి గట్టిపడిందనీ, ఇంజను దించి మార్చాలనీ, రెండు రోజులు పడుతుందనీ నిన్ననే చిన్న యజమానికి చెప్పాడు, చుక్క చూస్తేనన్నా నమ్ముతాడని అట్ట పరిచాడు. గోడకు చెప్పినట్టే అయింది.

గోతిలోంచి పైకొచ్చి, అట్ట ఎవరు మార్చారని చిన్న యజమానిని అడిగాడు.

"ఏం చెయ్యమంటావు బాబాయ్? డాక్టరుగారు నాలుగింటికి వచ్చేస్తారు. రేపు కూతురితో కొండమీదికి వెళ్తున్నారట. ఒక్క చుక్కే కదా."

"కొండమీద చలేస్తే హీటరు వేస్తారు. ఈ బండిలో ఆ వేడి గాలి ఎక్కణ్ణించి వస్తుంది? పొగగొట్టం మీంచి. నీ ఒక్క చుక్క పడేదీ దానిమీదే. అద్దాలు మూసుకున్న కారు పొగతో నిండిపోతే, మలుపులో ఆవిడకు రోడ్డు కనబడుతుందా?"

చిన్న యజమాని వాచీ చూసుకున్నాడు. పేస్టు పట్టుకుంటుందిలే, ముద్ర వేసెయ్యమన్నాడు. మేస్త్రి వెయ్యనన్నాడు. మళ్ళీ గోతిలోకి దిగి పేస్టంతా గీకి పారేశాడు. గీకుతున్నంతసేపూ పళ్ళు నూరుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం బయట చెట్టు కింద కూర్చుని క్యారేజీ తిన్నాడు. తిరిగొచ్చి చూస్తే గొట్టం చుట్టూ పేస్టు మళ్ళీ ఉంది, ఈసారి ఇంకా మందంగా.

నాలుగింటికి డాక్టరు వచ్చింది. నెరిసిన జుట్టు, చేతిలో కూతురి ప్రయాణపు సంచి. చిన్న యజమాని నవ్వుతూ ఆమెకు అట్ట అందించాడు. దాని మధ్యలో నల్లగా, గుండ్రంగా వేలిముద్ర ఉంది. గీత మాత్రం లేదు.

 తిట్టినా మేస్త్రికి ఇంత కోపం వచ్చేది కాదు, కొట్టినా వచ్చేది కాదు. ఇన్నేళ్ళలో తనదంటూ ఆ షెడ్డులో ఉన్నది ఆ గీత ఒక్కటే. దాన్ని కూడా వీడు సబ్బు పెట్టె మీద నున్నగా చెరిపేశాడు. మేస్త్రి చెత్తడబ్బాలోంచి ఎలుక కొరికిన అట్ట తీసి, దులిపి, రాత్రి చుక్క పడిన వైపు కిందికి తిప్పి, గోతి పలకల మీద ఇంజను కింద పరిచాడు. కారు స్టార్టు చేసి పక్కన నిలబడ్డాడు.  

ఇంజను బాగా వేడెక్కాక పేస్టు మెత్తబడి జారింది.

"డాక్టరమ్మా, ఆ వేలు నాది కాదు. ఒకసారి వంగి చూడండి."

ఆమె కళ్ళజోడు పెట్టుకుని వంగింది. అట్టమీద ఒక చుక్క పడింది. కాసేపటికి ఇంకొకటి పడింది. ఆమె లేచి, ఇంజను ఆపి, తాళంచెవి బల్లమీద పెట్టింది. రేపు బస్సులో వెళ్తామని చెప్పి, సంచి తీసుకుని వెళ్ళిపోయింది. తన చేతిలోని అట్టను మాత్రం చిన్న యజమానికే తిరిగిచ్చింది.

మేస్త్రి చేతులు కడుక్కున్నాడు. పనిచొక్కా విప్పి మేకుకు తగిలించి, క్యారేజీ తీసుకున్నాడు.

"బాబాయ్, పొద్దున్నే రా. ఇంజను దించుదాం," అన్నాడు చిన్న యజమాని, నేల చూస్తూ.

"నా వేలు కూడా నువ్వే పెట్టేశావుగా. ఇక నాతో పనేముంది?"

గేటు దాటేదాకా ఆయన వెనక్కి చూడలేదు. గేటు పక్కన ఆగి ఉన్న లారీ కిందికి కూడా వంగి చూడలేదు. షెడ్డులో, ఆగిపోయిన కారు కింద, ఎలుక కొరికిన అట్ట మీద మూడో చుక్క పడి, మెల్లగా అంచువైపు పాకింది.