ఆర్నాలుక్ తమ్ముడి కొండ

ఇప్పుడైతే ఆ పేరు హాయిగా చెప్పుకోవచ్చు: సావిక్. ఆ వేసవిలో మాత్రం ఆ సముద్రపు పాయ ఒడ్డున ఒక్కరి నోటా ఆ మాట రాలేదు. పోయినవాడి పేరు, దాన్ని మోసే పసిబిడ్డ పుట్టేదాకా పలకకూడదు. పలికితే ఆ ప్రాణం దారి తప్పి ఇంటికి తిరిగి రాదు. సావిక్ అంటే కత్తి. అందుకని అందరూ కత్తిని 'కోసేది' అంటూ నెట్టుకొచ్చారు.

మంచుమైదానం నడుమ ఒంటరిగా నిలబడ్డ కొండ పేరూ సావిక్కే. దాని కింద పుట్టాడని, ఆ ఒడ్డునే ఉండే ఆర్నాలుక్ అనే ఆవిడ తమ్ముడికి ఆ పేరు పెట్టారు. దేశపటాలు గీసే దొరల మూటలు మోస్తూ ఆ వేసవిలోనే ఆ కొండమీద మంచు పగులులో పడి చనిపోయాడు, బండి లాగే కుక్కతో సహా.

వాళ్లలో పెద్ద దొర చెడ్డవాడేం కాదు, అదే కదా ఏడుపు! ఓడెక్కే ముందు టోపీ తీసి ఆమె గుడారం ముందు నిలబడ్డాడు. పడమటి తీరం నుంచి వచ్చిన దుబాసి యోనాథన్ పక్కనే ఉన్నాడు.

"అక్కా, కొండకి మీ తమ్ముడి పేరే పెడతాడట. ఏం పేరు?"

"రెండు నెలలు మోయించుకున్నారుగా. ఏమని పిలిచారేంటి?"

యోనాథన్ తల దించుకున్నాడు. "ఒరేయ్ అనేవాళ్లం."

"ఇప్పుడు చెప్పకూడదు. బిడ్డ పుట్టనీ." ఏడో నెల కడుపుతో సీల్ తోలు గీకుతున్న కోడలు పుతూని చూపించింది.

"ఇంకా ఆ పాత పిచ్చేనా? దొరతో ఈ మాట అంటే నవ్వుతాడు. పోనీ కొండకైనా పేరుందా, లేదా?"

మూడుసార్లు అడిగాడు. ఆర్నాలుక్‌కి ఒళ్లు మండిపోయింది.

"లేదు! ఏ పేరూ లేదు, పో!"

తొలి మంచు పడ్డ రోజున పుతూకి మగబిడ్డ పుట్టాడు. ఆర్నాలుక్ వాడి పెదవులు నీళ్లతో తడిపి, "సావిక్! వచ్చావురా తమ్ముడూ!" అని గొంతు చించుకుని అరిచింది. ఆ రోజంతా జనం పనున్నా లేకపోయినా కత్తి, కత్తి అంటూ తిరిగారు.

మరుసటి వేసవి ఓడ రాగానే మనవడిని వీపున వేసుకుని పరిగెత్తింది.

"రాసుకో నాయనా! సావిక్! కొండా సావిక్కే, మా తమ్ముడూ సావిక్కే!"

యోనాథన్ పటం విప్పి చూపించాడు. "అచ్చయిపోయిందక్కా. ఫ్రేయా అని."

"ఎవరది? దొర తల్లా?"

"కాదు."

"పెళ్లామా?"

"కుక్క అక్కా. మీవాడితో పాటు పడిపోయిందే, అది. దాని పేరు దొరకి తెలుసు."

ఆర్నాలుక్ వీపు మీది పసివాడు జుట్టు పీకుతూ కేరింతలు కొడుతున్నాడు.

"నవ్వకురా తమ్ముడూ," అంది. "నువ్వు తిరిగి రావాలనే నోరు మూసుకున్నాను."