వేడ్ మంద ముందు గోపీనాథ్ వయొలిన్

రాత్రివేళ మెల్లగా పాట పాడితే పశువుల మంద బెదరదని టెక్సాస్‌లో గట్టి నమ్మకం. వెనకటి కౌబాయ్‌లు వేల పశువులను దూరపు రైలు స్టేషన్లకు తోలుకుపోయేటప్పుడు, చీకటి పడ్డాక గుర్రాల మీద మంద చుట్టూ తిరుగుతూ పాడేవారట. పాడకపోయినా అవి పడుకునేవేమో అన్న ప్రశ్న ఎవరూ వేసినట్టు లేదు.

1983 అక్టోబరులో, అక్కడి ఇర్వింగ్ నగరానికి పడమరగా ఒక చిన్న ఊళ్లో జరిగిన కౌబాయ్ ఉత్సవంలో ఈ నమ్మకానికి పరీక్ష జరిగింది. నిజానికి పరీక్షకు కూర్చున్నది పశువులు కాదు, మా గోపీనాథ్. వృత్తిరీత్యా వంతెనల ఇంజనీరు. చిన్నప్పుడు విజయనగరంలో శ్రద్ధగా వయొలిన్ నేర్చుకున్నాడు. అమెరికాలో పక్కన పాడేవాళ్లు లేక గోడకు ఎదురుగా కూర్చుని వాయించుకునేవాడు. ఏడాదికొకసారి తెలుగు సంఘం వాళ్లు భోజనాలకు ముందు కాస్త సమయమిచ్చి, మధ్యలోనే పులిహోర వడ్డన మొదలుపెట్టేవారు.

వేడ్ అనే వృద్ధుడు ఆ ఊళ్లో పశువుల ఆసామి, కౌబాయ్ పాటల గాయకుడు కూడా. ఆయన పొలం పక్కన వంతెన కడుతున్నప్పుడు గోపీనాథ్‌కు పరిచయమయ్యాడు. ఆయన బ్యాండ్‌లో ఫిడేలు వాయించే మనిషి ఓక్లహోమాకు వెళ్లిపోయాడు.

"ఉత్సవంలో నాతో ఒక్క పాట వాయించు. నా పశువులు కుదురుగా ఉంటే ప్రతి శనివారం మా బ్యాండ్‌లో నువ్వే" అన్నాడు వేడ్.

ఆ రోజు సైన్స్ మాస్టారినైన నేనూ గోపీనాథ్ దంపతుల కార్‌లోనే వెళ్లాను.

"మాస్టారూ, ఈ ఛాన్స్ మిస్ అయితే నాకు మళ్లీ ఆ గోడే గతి" అన్నాడు గోపీనాథ్, డ్రైవ్ చేస్తూ.

"పశువులకు రాగం తెలియదు గోపీ. అనవసరంగా కంగారు పడకు."

"అన్నయ్యగారూ, ఆయన్ని కదపకండి" అంది అతని భార్య సరోజ. "రాత్రంతా ప్రాక్టీస్ చేసి ఇంట్లో ఒక్కర్నీ కన్ను మూయనివ్వలేదు."

"అయితే సంగీతానికి నిద్ర పడుతుందన్న మాట సగం తేలిపోయినట్టే కదమ్మా!"

వేదిక పక్కనే దొడ్డిలో పొడుగు కొమ్ముల పశువులు పడుకుని నెమరేస్తున్నాయి. గోపీనాథ్ వేదిక మీద దుప్పటి పరుచుకుని బాసింపట్టు వేసుకున్నాడు. వయొలిన్ తల పాదం మీద ఆనించాడు. ఉత్సవం వాళ్లు పెట్టిన కౌబాయ్ టోపీ అంచు కమానుకు అడ్డం తగులుతుంటే దాన్ని వెనక్కి తోసుకున్నాడు.

వేడ్ పాట ఎత్తుకున్నాడు. ఆయన ఒక వరుస పాడగానే గోపీనాథ్ దాన్ని నీడలా వాయించి అప్పగించేవాడు. జనం మెచ్చుకున్నారు. పశువులు కదల్లేదు. రెండు చరణాలయ్యాక వేడ్ అతనివైపు తిరిగి చిరునవ్వుతో తలూపాడు. బాగుంది, ఇక ముగిద్దామని ఆయన భావం. మన కచేరీల్లో గాయకుడు అలా చూసి తలూపితే, ఇక నువ్వు వాయించు అని అర్థం. గోపీనాథ్ కళ్లు మూసుకుని రాగాలాపన మొదలుపెట్టాడు.

వేడ్ మర్యాదస్తుడు. కాసేపు ఆగాడు. తరవాత, పాట అయిపోయిందన్న గుర్తుగా టోపీ తీసి చేత పట్టుకున్నాడు. గోపీనాథ్ ఒక కన్ను తెరిచి చూసి, ఇంతటి గౌరవమా అని పులకించి, వేగం హెచ్చించాడు.

"అమ్మా సరోజా, ఆపమని సైగ చెయ్యి!" అన్నాను.

"నేను చెబితే ఇంట్లోనే ఆపరు, ఇక్కడ ఆపుతారా?" అంది, తొడ మీద తాళం తప్పకుండా.

అంతలో పశువులన్నీ ఒక్కసారిగా లేచి కంచెవైపు నడిచాయి. ముందు వరుస జనం కుర్చీలు వదిలి పరుగెత్తారు. వేడ్ గబగబా పల్లవి ఎత్తుకున్నాడు. పల్లవి వినగానే గోపీనాథ్, పద్ధతి తెలిసినవాడు కనుక, చటుక్కున దిగివచ్చి పాటలో కలిసిపోయాడు.

కిందికి దిగాక వేడ్ మొహం ముడుచుకున్నాడు. "నా పశువులు పాట మధ్యలో ఎన్నడూ లేవలేదు" అన్నాడు.

"లేపింది ఫిడేలు కాదు" అన్నాను. "వేదిక వెనక ఎండుగడ్డి ట్రక్కు వచ్చి ఆగింది, అదిగో."

వేడ్ అటు చూశాడు. "అయితే ఇన్నేళ్లూ నా పాటకు పడుకున్నది?"

"బహుశా మేత తిన్నాకే మీరు పాడి ఉంటారు."

గోపీనాథ్ నా మోచెయ్యి గిల్లాడు. "మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను, మీ సైన్స్ కాస్త కట్టేయండి!"

"మీ స్నేహితుడి తప్పు గడ్డి మీదికి తోస్తే తోయండి. ఒప్పుకుంటాను" అన్నాడు వేడ్. "మా తాత నేర్పిన పాటల జోలికి మాత్రం రాకండి." గోపీనాథ్ వైపు తిరిగాడు. "శనివారం రా. నేను తలూపితే ఆపాలి."

ఆ శనివారం పశువులకు ముందే మేత వేశారు. వేడ్ పాడాడు, గోపీనాథ్ వాయించాడు, వేడ్ తలూపగానే ఆపాడు. పశువులు పడుకునే ఉన్నాయి.