ఆరబెట్టిన మోటారు

పెద్దోడికి మోటార్ల దగ్గర మొహమాటం లేదు. బాగుపడేదైతే చేస్తానంటాడు, లేకపోతే తుక్కుకి వేసుకోమంటాడు, అంతే. పడవల మోటార్లు విప్పీ విప్పీ గోళ్ళలో గ్రీజు ఇంకిపోయిన మనిషి. అలాంటివాడు ఆ రోజు సొంత షెడ్డులో, కన్నతల్లి ముందు, పానా చేత పట్టుకుని నీళ్ళు నమిలాడు.

ఆ మోటారు తమ్ముడు చిన్నోడిది. గాలివానకి సముద్రంలో పడవ తిరగబడింది. పడవ దొరికింది, దాని వెనక వేలాడుతూ మోటారూ దొరికింది. చిన్నోడే దొరకలేదు. మోటారుని ఇంటికి పంపించి, పెద్దోడు వెతికే పడవలో తిరుగుతూనే ఫోన్ చేశాడు.

"అమ్మా, మోటారుని మంచినీళ్ళ డ్రమ్ములో ముంచి ఉంచండి. నేనొచ్చేదాకా తియ్యొద్దు. గాలి తగిలిందంటే లోపలంతా తుప్పు పడుతుంది."

తండ్రి అలాగే ముంచి, తానూ వెతకడానికి వెళ్ళాడు. కానీ తల్లి మనసు ఊరుకుంటుందా? ఉప్పునీళ్ళలో అంతసేపు నానినదాన్ని మళ్ళీ నీళ్ళలో పడేయడమేమిటి, వీడికేమైనా మతి పోయిందా అనుకుంది. పక్కింటివాళ్ళని బతిమాలి పైకి తీయించింది. పాత చీర చింపి సందుసందునా తుడిచింది. ఎండలో పెట్టింది. తడిసొచ్చిన పిల్లాడి తల తుడిచినట్టు తుడిచింది, పాపం!

పెద్దోడు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. అన్నం ముట్టకముందే మోటారు చూడమని తల్లి పట్టుబట్టింది. తాడు లాగితే కదల్లేదు. హెడ్డు విప్పితే ఏముంది, పిస్టన్ సిలిండర్‌ని కరుచుకుపోయింది. బేరింగుల నిండా ఎర్రటి తుప్పు. డ్రమ్ములోనే ఉండి ఉంటే కడిగి, ఆయిలు పట్టించి బతికించేవాడే. ఇప్పుడు కొత్త సామాను వేసి నిలబెట్టొచ్చు గానీ, పైన మూత తప్ప చిన్నోడి మోటారనేది మిగలదు.

తల్లి స్టూలు మీద కూర్చుని చూస్తోంది. పొద్దుట్నుంచీ ఆవిడది ఒకటే పాట.

"అదొచ్చింది కదరా, వెనకాలే వాడూ వస్తాడు. వాడొచ్చేసరికి తయారుగా ఉంచు. లేకపోతే నీ మీద విరుచుకుపడతాడు. వాడి సంగతి తెలుసుగా, ముక్కు మీదే కోపం."

"చూస్తున్నానమ్మా."

"ఎంతసేపు చూస్తావు? బాగవుతుందా, అవదా?"

ఆమె లేచొచ్చి సిలిండర్‌లోకి తొంగి చూసింది. వేలితో రాస్తే వేలు ఎర్రబడింది.

"నువ్వు నీళ్ళలోనే ఉంచమన్నావు కదూ," అంది గొంతు తగ్గించి. "నేను తీసి ఆరబెట్టాను. అందుకేనా ఇలా అయింది? నిజం చెప్పరా. నేనే పాడుచేశానా?"

అవునని ఎలా అంటాడు? నోరెలా వస్తుంది? తిండీ నిద్రా మానేసి గుమ్మం వైపే చూస్తున్న మనిషి నెత్తిన ఈ పాపం కూడా పెట్టాలా? గుండె రాయి చేసుకుని అబద్ధమాడాడు.

"ఛ ఛ, నీ తప్పేం లేదమ్మా. నువ్వు ఆరబెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. అది నీళ్ళలోనే పోయింది. అంతసేపు సముద్రంలో పడి ఉన్నాక ఇంకేం మిగులుతుంది? ఒడ్డుకొచ్చేసరికే అందులో ప్రాణం లేదు. ఇంకా బాగుచేద్దామనుకోవడం మన పిచ్చి."

ఆవిడ ముఖం తేలికపడుతుందేమోనని చూశాడు. పడలేదు. ఇంకా ఏమైనా అంటాడేమోనని ఆవిడ అతని పెదవుల వంకే చూస్తూ ఉండిపోయింది.

"ఏమీ మిగలదా?" అంది చివరికి.

తానేమన్నాడో అప్పుడు తెలిసింది పెద్దోడికి.

"అమ్మా, నేనన్నది మోటారు గురించి..."

"తెలుసులేరా." కొంగుకి వేలు తుడుచుకుని, మళ్ళీ స్టూలు మీద కూలబడింది. "మీ నాన్నకి ఫోన్ చెయ్యి. పాపం, వాళ్ళు మాత్రం ఎంతకని తిరుగుతారు? ఇక వెతకొద్దని చెప్పు."