తెగాల్సిన తీగ

ఆత్మకూరుకు కరెంటు వచ్చిన మరుసటి ఏడు, గొర్రెల బేరగాడు కొండలయ్య ఇంట్లో కూతురు వసంతకుమారికి తొలి కాన్పు అయింది. పురిటి గదిలో దీపం ఆరకూడదని ఆయన తల్లి ఆదిశేషమ్మ పట్టు. "నూనె దీపంతో ఏం తిప్పలమ్మా, కరెంటు దీపం ఆరేది కాదు" అని కొండలయ్య గదిలో బల్బు పెట్టించాడు.

అక్కడితో ఆగలేదు. బాలింతకు నీళ్లు కాచేందుకు నెల్లూరు నుంచి కరెంటు పొయ్యి తెచ్చి, బల్బుకు పోయే నూలు తొడుగు సన్న తీగకే తగిలించాడు. పొయ్యి ఎర్రబడటం ఆయన భార్య పెంచలమ్మ కళ్లింత చేసుకుని చూస్తుండగానే టప్పుమని దీపం పోయింది.

"ఒరే కొండలయ్యా, అపశకునంరా!" అని ఆదిశేషమ్మ గుండెలు బాదుకుంది.

కొండలయ్య గోడ మీది మెయిను స్విచ్చి పిడి కిందికి లాగి, పక్కనున్న పెట్టెలోంచి పింగాణీ ఫ్యూజు బిళ్ల ఊడదీశాడు. అందులో వెంట్రుకంత తీగ కాలి తెగి ఉంది.

"ఇంత పీలది పెడితే తెగక ఏం చేస్తాది?" అంటూ మూడు రాగి తీగలు కలిపి, గొర్రెల పలుపు పేనినట్టు పేని బిగించాడు. పిడి ఎత్తితే దీపం వెలిగింది. పొయ్యి మళ్లీ ఎర్రబడింది.

"ఏమయ్యా, ఆ పీల తీగ చేతగాక పెట్టినారా, కావాలనే పెట్టినారా?" అని పెంచలమ్మ అడిగింది.

"నీకెందుకే ఆ గోల? నీళ్లు కాగినాయేమో చూడు" అని ఆయన కలిగిరి బస్సుకు పోయాడు.

పెంచలమ్మ మనసు మాత్రం ఆ బిళ్లను వదల్లేదు. తెగిపోయే తీగను పింగాణీలో పొదిగి, పెట్టెలో భద్రంగా పెట్టడమేంది?

పొద్దు వాలేసరికి గదిలో ఏదో రబ్బరు కమురు వాసన. ఉయ్యాల పక్కగా పోయే తీగ దగ్గరకు చెయ్యి పోనిస్తే, తాకకముందే సెగ తగిలింది. పుట్టింట్లో నాయన మేకపిల్లల్ని కట్టే ముడి ఆమెకు చప్పున గుర్తొచ్చింది. గట్టిగా గుంజితే ఊడిపోయే ముడి అది. "ఊడితే మేకను ఎతుక్కోవచ్చు. మెడకు బిగిస్తే ఏం ఎతుక్కుంటామే?" అనేవాడు నాయన.

ఊడాల్సిన ముడిని ఈ మనిషి బిగించి పోయాడు!

పెంచలమ్మ మెయిను దగ్గరికి పరుగెత్తింది.

"దాన్ని ముట్టుకున్నావంటే చూడు! దీపం ఆరితే బిడ్డకేమన్నా అయితే?" ఆదిశేషమ్మ అడ్డం వచ్చింది.

"అయ్యేట్టు ఉండాదనే అత్తా!" అని పిడి కిందికి లాగేసింది. ఇల్లు చీకటైంది. అత్త తిట్లు వింటూనే ప్రమిదలో ఆముదం పోసి వెలిగించింది. ఆ వెలుగులో ఆదిశేషమ్మ గోడ వైపు చూసింది. తీగ తొడుగు నల్లబడి, సన్నగా పొగ కక్కుతోంది. వసంతకుమారిని లేపి, ఉయ్యాలలోని బిడ్డను ఎత్తుకుని అవతలికి నడిచింది.

మర్నాడు వైర్‌మాన్ గురుస్వామి వచ్చి కాలిన తీగంతా పీకి, బల్బుకు కొత్త తీగ వేసి, బిళ్లలో మళ్లీ పీల తీగే పెట్టాడు. పొయ్యికి పెట్టె దగ్గర నుంచే వేరుగా లావు తీగ లాగి, దానికి వేరే ఫ్యూజు పెట్టాడు. పెరట్లో గుంత తీసి, బొగ్గులూ ఉప్పూ వేసి ఎర్తు తీగ పాతాడు. పెంచలమ్మ అతని వెంటే తిరిగింది.

"ఇంత లావు తీగ ఏసినావు గదా అబ్బాయా, ఇంకా ఫ్యూజెందుకు?"

"ఎంత లావు తీగకైనా ఓర్చుకునే బరువు కొంతే అమ్మా. అది కాలకముందే ఫ్యూజు తెగాల. అందుకే తీగను బట్టి ఫ్యూజు."

"మా నాయన మేకపిల్లకు ఏసే ముడి మాదిరే అత్తా, గుంజితే ఊడాల!" అని పెంచలమ్మ ఆదిశేషమ్మతో అని, అతని వైపు తిరిగింది. "మరి ఆ ఉప్పు?"

"నేల తడి నిలవడానికి. నువ్వు నా పని లాగేసుకునేట్టున్నావే!"

కలిగిరి నుంచి తిరిగొచ్చిన కొండలయ్య మాత్రం మీసం సవరించుకున్నాడు.

బారసాల నాడు చుట్టాల్లో ఎవరో బల్బు తీగకు ఇస్త్రీ పెట్టె తగిలించారు. దీపం టప్పుమంది. అందరూ ఆదిశేషమ్మ వైపు భయంగా చూశారు.

మూలన ఆముదం దీపం వెలుగుతూనే ఉంది. ఆమె మనవరాలి బిడ్డను ఒళ్లో సర్దుకుంది.

"ముడి ఊడిందిలే. పెంచలా, ఏ మొద్దు ఏం తగిలించినాడో ముందు అది పీకు."