పిండిమర అరుగు మీద ఆగే మనిషి

మా వీధిలో కరీమున్నీసాకు మాటల పుట్ట అని పేరు. ఆ పేరు పెట్టింది నేనే. నాకు నోరు ఎక్కువ, పేర్లు పెట్టడం ఇంకా ఎక్కువ. వీరరాఘవమ్మ పేరు పెడితే ఊరంతా అలాగే పిలుస్తుందని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడం లేదు.

మాది పిడుగురాళ్లలో హైవే మీద నుంచి పైకి ఎక్కే వీధి. మొదట్లో సైకిల్ షాపు, కొంచెం పైన ఏలియా మాస్టారి ఇల్లు, ఆ పైన నా పిండిమర, అన్నిటికంటే పైన కరీమున్నీసా ఇల్లు. వాళ్లాయన నూర్ మొహమ్మద్ హైవే పక్కన లారీల మీద కప్పే టార్పాలిన్ పట్టలు బాగుచేస్తాడు. సున్నం లారీ మీద పట్ట చిరిగి నాలుగు చినుకులు లోపలికి దిగాయంటే సరుకంతా ఉడుకెత్తి పొగలు కక్కుతుంది. అందుకని డ్రైవర్లు టీ తాగడం మానేసైనా ముందు ఆయన దగ్గరికే వస్తారు. చిన్న చిరుగులు ఆయనే అక్కడ కుట్టేస్తాడు. పెద్దవి మడతపెట్టి ఇస్తే కరీమున్నీసా భుజాన వేసుకుని ఇంటికి తెచ్చి మిషను మీద కుడుతుంది.

రోజూ సాయంత్రం నాలుగున్నరకు ఆమె పట్టతో వీధి ఎక్కడం మొదలుపెట్టేది. మాకు ఐదు నిమిషాల దారి. ఆమెకు అరగంట పట్టేది. సైకిల్ షాపు దగ్గర ఆగి, ఇవాళ ఎన్ని పంక్చర్లు వేశారని అడిగేది. మాస్టారి ఇంటి ముందు ఆగి, మాస్టారికి మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగేది. ఆఖరికి నా అరుగు మీద పట్ట దించి, స్తంభానికి వీపు ఆనించి కూలబడేది. ఏందక్కా, ఇవాళ మినుములు చానా వచ్చినట్టున్నాయే అని ఒక్క మాట అనేది. ఇంక నేను అందుకునేదాన్ని. మినుముల్లో రాళ్లు, ఆ రాళ్లు పోసిన ఆడవాళ్లు, వాళ్ల అత్తలు, కరెంటు కోత, మా ఆయన గురక, అన్నీ అయ్యేసరికి పావుగంట దాటేది. అప్పుడు లేచి చెంబులో నీళ్లు తాగి, పట్ట ఎత్తుకుని వెళ్లిపోయేది.

ఇంటికాడ పనేం లేదా నీకు అని రోజూ కసురుకునేదాన్ని. కసురుకుంటూనే నాలుగింటికల్లా చెంబులో నీళ్లు నింపి స్తంభం పక్కన పెట్టేదాన్ని. తొమ్మిదేళ్లు అలా జరిగింది. వీధిలో ఇంతమంది ఉండగా ఆమె నా దగ్గరే ఎక్కువసేపు కూర్చుంటుందని నాకు లోలోపల గర్వం.

రెండేళ్ల నుంచి ఆమెకు దగ్గు. పడుకుంటే ఎక్కువ, అందుకని రెండు దిండ్లు వేసుకునేది. మా ఊళ్లో దగ్గుకు ఎవరూ కారణం వెతకరు. చుట్టూ సున్నపు బట్టీలు, ముక్కు చీదినా దుమ్మే, తల తిరిగినా దుమ్మే. మందుల షాపతను కూడా ముఖం చూడకుండానే దుమ్ము సీసా అని ఒకటి తీసిచ్చేవాడు. నేను కూడా ఆ సీసానే తాగమని, కొంగు అడ్డం పెట్టుకోమని సలహాలిచ్చేదాన్ని.

ఈ వానాకాలం గవర్నమెంటు ఆస్పత్రికి కొత్త డాక్టరు వచ్చింది. కరీమున్నీసా దగ్గుకి మందు ఇమ్మని వెళ్తే స్టెతస్కోపు ముందు పెట్టి, వీపున పెట్టి, పక్కకు తిప్పి మళ్లీ పెట్టి చాలాసేపు విన్నదట. ఇది దుమ్ము కాదు, గుండెలో ఏదో చప్పుడు తేడాగా ఉంది, నరసరావుపేట వెళ్లి ఎకో తీయించుకోమని చీటీ రాసింది. నూర్ మొహమ్మద్ చీటీ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. వానలప్పుడే ఆయనకు ఊపిరి సలపని పని. అక్కా, నువ్వయితే వాళ్లతో గట్టిగా మాట్లాడగలవు, తోడు వెళ్తావా అన్నాడు. పెళ్లిళ్లకు కూడా మూయని మర మూసేసి బస్సెక్కాను.

ఎకో గది రెండో అంతస్తులో ఉంది. చీకటిగా, చల్లగా. అక్కడి డాక్టరు పేరు జాహ్నవి, మా చెల్లెలి కూతురి వయసుంటుంది. కరీమున్నీసా నా చెయ్యి వదలకపోయేసరికి నన్ను కూడా ఉండనిచ్చింది. ఎడమ పక్కకు పడుకోబెట్టి, చల్లటి జెల్లీ రాసి, అరచేతిలో పట్టేంత పరికరం ఒకటి పక్కటెముకల మధ్య ఆనించింది. తెర మీద గుండె కనిపించింది. మనిషి కదలకుండా పడుకుని ఉంటే లోపల అది అంత కష్టపడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

గుండెలో గదికీ గదికీ మధ్య తలుపులుంటాయని డాక్టరమ్మ చూపించింది. ఊపిరితిత్తుల నుంచి వచ్చిన రక్తం ఎడమవైపు ఈ తలుపు దాటి కిందికి దిగాలట. తలుపు రెక్కలు రెండూ బార్లా తెరుచుకోవాలి. ఈమెకు వాటి అంచులు అతుక్కుపోయి మధ్యలో సన్నటి సందు మాత్రం మిగిలింది. కరీమున్నీసా తల తిప్పి తెర వంక చూసి, చొక్కాకి కాజా కుట్టినట్టుందమ్మా అన్నది. డాక్టరమ్మ నవ్వి, సరిగ్గా అలాగే ఉందన్నది.

చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చిందా అని అడిగింది. వచ్చిందట. మాచర్లలో, పదేళ్ల వయసులో, నలభై రోజులు బడి మానేసి మంచం మీద ఉందట. ఆ జ్వరమే ఇన్నేళ్లకు రెక్కల్ని అతికించిందని డాక్టరమ్మ చెప్పింది. కరీమున్నీసాది మాచర్ల అని నాకు అప్పుడే తెలిసింది. తొమ్మిదేళ్లలో ఎందుకు తెలియలేదా అని ఒక్క క్షణం అనిపించింది, మళ్లీ తెర వంక చూస్తూ మర్చిపోయాను.

తర్వాత డాక్టరమ్మ అసలు ప్రశ్న అడిగింది. నడిస్తే, బరువు మోస్తే ఆయాసం వస్తుందా అని.

కరీమున్నీసా లేదన్నది. "ఆయాసం ఏందమ్మా, పనంతా నేనే చేసుకుంటా. రోజూ పట్ట మోసుకొస్తా." అబద్ధం చెప్పే మనిషి ముఖం కాదు అది.

డాక్టరమ్మ పెన్ను పట్టుకుని ఆలోచనలో పడింది. సందు సన్నబడింది గానీ పడుకుని ఉన్నప్పుడు ఒత్తిడి మరీ అంతగా పెరగలేదట. నిజంగా ఆయాసం లేకపోతే మందులు వాడుతూ ఏడాది తర్వాత మళ్లీ చూడొచ్చు. ఉంటే మాత్రం ఆగకూడదు, బెలూనుతో ఆ తలుపు తెరవాలి. ఆగితే ఏమవుతుందని నేనే అడిగాను. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి ముదిరిపోతుంది, పై గదిలో రక్తం గడ్డకట్టి ఎప్పుడైనా మెదడుకి వెళ్లొచ్చు, కొంతమందికి కాలూ చెయ్యీ పడిపోయాకే జబ్బు సంగతి బయటపడుతుంది అన్నది. అంటే మొత్తం ఆ ఒక్క జవాబు మీద ఆగింది. కరీమున్నీసా ముఖం విప్పారింది. ఏడాది దాకా భయం లేదని నేను కూడా సంతోషపడ్డాను, మధ్యాహ్నానికి వెళ్లి మర తెరుచుకోవచ్చని కూడా అనుకున్నాను.

కానీ డాక్టరమ్మకు తృప్తి లేదు. నర్సును తోడిచ్చి, లిఫ్టులో కిందికి దిగి, మెట్ల మీదుగా మామూలుగా ఎక్కి రమ్మన్నది. మధ్యలో ఆగొద్దు, రాగానే మళ్లీ చూస్తాను అన్నది.

ఎక్కడం మొదలుపెట్టాం. మొదటి అంతస్తు మలుపు దగ్గర ఒకామె నేల తుడుస్తోంది. కరీమున్నీసా ఆమె ముందు ఆగిపోయి, ఏ ఊరు చెల్లెమ్మా మీది అని అడిగింది. ఆమె సంబరంగా తుడుపుకర్రకు ఆనుకుని, అచ్చంపేట అని, కృష్ణ ఒడ్డున తమకు మిరప చేను ఉందని, ఈ ఏడు తెగులు పట్టిందని మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండింది.

"ఏమే, ఇక్కడ కూడానా? డాక్టరమ్మ ఆగొద్దన్నదా లేదా?"

ఆమె నా వంక చూసి నవ్వింది. మాట్లాడలేదు. అచ్చంపేట ఆమె తన చేను గురించి చెప్పుకుపోతోంది. అప్పుడు చూశాను. కరీమున్నీసా ఎడమచెయ్యి మెట్ల కమ్మీని పట్టుకుని ఉంది, వేళ్ల కణుపులు తెల్లబడేంత గట్టిగా. మెడ పక్కన నరం ఎగిరెగిరి పడుతోంది. పెదాలు మూసుకుని నవ్వుతూ, ముక్కుతో గాలి పీలుస్తోంది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. తొమ్మిదేళ్లు నా అరుగు మీద చూసిన నవ్వే అది. నేనంటే ఇష్టం కొద్దీ నవ్వుతోందనుకునేదాన్ని.

నిజం చెబుతున్నాను, నాకు ముందు వచ్చింది జాలి కాదు, ఉక్రోషం. ఈమె నా కోసం రాలేదు, నా స్తంభం కోసం వచ్చింది. ఒక్క ప్రశ్న వేసి నన్ను వాగించి, ఆ పావుగంటా తను ఊపిరి తీసుకుంది. అసలు మాటల పుట్టను నేను, ఆ పేరు ఆమెకు పెట్టాను. తల కొట్టేసినట్టయింది. ఆ వెంటనే మాస్టారి ఇల్లు గుర్తొచ్చింది, సైకిల్ షాపు గుర్తొచ్చింది.

"సైకిల్ షాపు కాడ కూడా ఇంతేనా?" అని అడిగాను.

తలూపింది.

"మాస్టారి ఇంటికాడ?"

దానికీ తలూపింది. మూడోది నేను అడగలేదు.

ఇక ఎవరితోనూ మాట్లాడొద్దు, నాతో కూడా వద్దని చెప్పి, రెక్క పట్టుకుని మిగతా మెట్లు ఎక్కించాం. ఎకో గది తలుపు దాటేసరికి ఆమె నోరు తెరిచి రొప్పుతోంది. నర్సు గబగబా మంచం మీద పడుకోబెట్టింది. డాక్టరమ్మ పరికరం ఆనించి, తెర మీద గీతలు కొలిచి, ఒత్తిడి ఇందాకటికి రెట్టింపు దాటిందన్నది. ఆయాసం రాదని చెప్పారు కదమ్మా అని మెల్లగా అడిగింది. కరీమున్నీసా ఇంకా రొప్పుతూనే ఉంది.

నేను చెప్పాను. "ఆమెకు ఆయాసం రాదమ్మా, వచ్చేలోపే ఆగిపోద్ది. మా వీధిలో మూడు చోట్ల ఆగుద్ది. నా అరుగు మీద మొదట్లో ఐదు నిమిషాలు కూర్చునేది. ఇప్పుడు పావుగంట దాటతా ఉంది. నేనే చూడలా."

డాక్టరమ్మ ఆ ముక్కలన్నీ కాగితం మీద రాసుకుంది. ఐదు నిమిషాలు ఎప్పుడు, పావుగంట ఎప్పటి నుంచి అని అడిగి అది కూడా రాసుకుంది. గుంటూరుకు చీటీ రాస్తూ, ఈ నెల దాటనివ్వకండి అని నాకు చెప్పింది.

తిరుగు బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. కొండమోడు దాటాక కరీమున్నీసా కిటికీ వంక చూస్తూ అన్నది. "నాకూ తెలవదక్కా. నాకు నలుగురితో మాట్లాడటం ఇష్టమేమో, అందుకే ఆగుతున్నా అనుకున్నా." నేను ఊఁ అన్నాను. మరి ఇష్టం ఉన్నదా లేదా అని అడగాలనిపించింది. నోటి దాకా వచ్చింది. వినలేననిపించి ఊరుకున్నాను.

గుంటూరులో పది రోజులకు ఆ బెలూను వైద్యం చేశారు. ముందు రోజు గొంతులోంచి సన్నటి గొట్టం దించి, గుండెకు వెనకవైపు నుంచి కూడా ఎకో తీసి, గడ్డలేమీ లేవని చూసుకున్నారు. ఆ తర్వాత తొడ దగ్గర నరంలోంచి బెలూను గుండె దాకా పంపి, ఆ సందులో ఒక్క లిప్తపాటు ఉబ్బించారట. అతుక్కున్న అంచులు విడిపోయాయి. మూడో రోజు ఇంటికి పంపుతూ, ఆ జ్వరం మళ్లీ రాకుండా మూడు వారాలకొకసారి సూది మందు మానొద్దన్నారు, నెల దాకా బరువు ఎత్తొద్దన్నారు. ఆ నెలంతా పట్టలు నూర్ మొహమ్మదే మోశాడు. నేను జావ కాచి తీసుకెళ్లి ఇచ్చేదాన్ని. ఇచ్చి, రెండు ముక్కలు మాట్లాడి వచ్చేసేదాన్ని. ఎప్పుడూ లేనిది నాకే మాటలు దొరికేవి కావు.

నెల గడిచిన సోమవారం ఆమె మళ్లీ పట్ట ఎత్తుకుంది. నేను నాలుగింటికి చెంబు నింపి స్తంభం పక్కన పెట్టి కూర్చున్నాను. ఎకో తీసిన రోజు కూడా నాకంత గాభరా లేదు. ఆమె వీధి మలుపు తిరిగింది. సైకిల్ షాపు దగ్గర చెయ్యి ఊపింది, ఆగలేదు. మాస్టారి ఇల్లు దాటింది, ఆగలేదు. అదే దారి, అదే పట్ట. నా అరుగు ముందుకొచ్చి, బాగున్నావా అక్కా అని ముందుకు సాగిపోయింది.

మర మూసుకుని నరసరావుపేట వెళ్లింది ఈ నడక కోసమే కదా అనుకున్నాను. సంతోషం వేసింది. ఆ నడక చూసి దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాను. కళ్లల్లో నీళ్లు మాత్రం ఆగలేదు. ముక్కు చీదితే వీధికి వినపడుతుందని లోపలికి పోయి, గింజలు పోయకుండానే మర వేశాను.

అది గరగరమని తిరుగుతూ ఉండగా గుమ్మంలో మనిషి నీడ పడింది. మర ఆపి బయటికి వచ్చాను. కరీమున్నీసా అరుగు మీద కూర్చుని ఉంది. భుజాన పట్ట లేదు. స్తంభానికి ఆనుకోలేదు, నిటారుగా కూర్చుంది. వీధి అంతా ఎక్కి, మళ్లీ దిగి వచ్చింది.

"ఏందే, ఆయాసంగా ఉందా?"

"లేదక్కా. పట్ట ఇంట్లో పడేసి వచ్చా. కూచో."

కూర్చున్నాను. చెంబు అందించబోతే దాహం లేదన్నది. మాచర్లలో వాళ్ల ఇంటి సంగతి మొదలుపెట్టింది. జ్వరంతో పడుకున్న నలభై రోజులూ వాళ్ల నాన్న మిషను పక్కనే మంచం వేయించాడట, ఆ పడక మీద నుంచి చూస్తూనే కాజాలు కుట్టడం నేర్చుకుందట. ఇంకా చాలా చెప్పింది, దీపాలు పెట్టే వేళ దాకా చెప్పింది. ఆ సాయంత్రం ఆమె నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.