వాపు మాత్ర

మందులు రాయడం నేర్పే క్లాసుకి రోగి వేషం వేయాల్సినాయన రాలేదు. మేడం వాళ్ల నాన్నగారినే లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. "ఏదో ఒక జబ్బు చెప్పు నాన్నా," అంటూ అటూ ఇటూ తిరగసాగారు.

"కాళ్లు వాస్తున్నాయి," అన్నారాయన.

మేమంతా పోటీపడి వాపు మాత్ర రాసిపారేశాం. మేం నత్త అని పిలిచే అమ్మాయి మాత్రం కలం ముట్టలేదు. దాని నిదానం చూస్తేనే నాకు ఒళ్లు మంట.

"తాతగారూ, ఇప్పటికే మందులేమైనా వాడుతున్నారా?" అంది నత్త.

ఆయన జేబులోంచి మాత్రల అట్ట తీశారు. "బీపీకమ్మా, కొత్త డాక్టరు ఇచ్చాడు."

"ఆ వాపు దీనివల్లే!" మేడం మా మీద విరుచుకుపడ్డారు. "ఒక్క మాట అడక్కుండా ఇంకో మాత్ర అంటగట్టడమేనా వైద్యం?"

తాతగారు బిక్కమొహం వేసి రెండో అట్ట తీశారు. "మరి మొన్న ఫోన్లో నువ్వు చెప్పిన వాపు మాత్ర ఆపెయ్యనా తల్లీ?"