ఎడమ పక్క సీటు

సారు తప్పేమీ లేదని ఈ తిరుమలయ్య ఎందుకన్నట్టు, ఎవరడిగారని, పంకజాక్షి ఇంకా షెడ్డులోకి అడుగైనా పెట్టలేదు, చెప్పుల దుమ్మయినా దులుపుకోలేదు, అంతలోనే ఆ మెకానిక్ నూనె చేతులు పాతగుడ్డకు తుడుచుకుంటూ ఎదురొచ్చి, తమ పాత కారు నుంచి విప్పిన షాకబ్జరొకటి నేల మీద నిలబెట్టి అరచేత్తో అదిమాడు, అది ఏ అడ్డూ లేకుండా దిగబడిపోయి అక్కడే ఉండిపోయింది, సూడండి మేడమ్, దీంట్లో ప్రాణమే లేదు, దీన్ని పెట్టుకోని ఎవురు తోలినా బండి చెయ్యి ఇనదు, సారు తప్పేమీ లేదు, అంటూ నవ్వాడు, ఆమె నవ్వలేదు, అడగని ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉందంటే ఆ ప్రశ్న ఇక్కడ ముందే ఒకసారి నడిచిందన్నమాట, భర్త మునిప్రసాద్ కాస్త ఎడంగా, ఈ మాటలేవీ తనవి కానట్టు, చంద్రగిరి కోట గుట్ట వైపు చూస్తూ నిలబడ్డాడు, ఆ చూపు కూడా ముందే కుదుర్చుకున్నట్టుంది, బేసిన్‌లో పగిలిన రబ్బరు బుష్‌లు, అలిసిపోయిన స్ప్రింగులు పేర్చి పెట్టిన తీరు చూస్తే కోర్టులో సాక్ష్యాలు పెట్టినట్టుంది, కొత్తవేమో బండి కింద నల్లగా మెరుస్తున్నాయి, గట్టి స్ప్రింగులు మేడమ్, మలుపులో బండి ఒరగకుండా అడ్డంగా లావు కడ్డీ ఒకటేసినా, ఇంక నేలకు అతుక్కోని పోతాది, కానీ మెత్తదనం మాత్రం అడగొద్దు, గుంత వస్తే గుంతే అని తెలుస్తాది, తిరుమలయ్య చెప్పుకుపోతున్నాడు, సారు ఒకటే మాట జెప్పినాడు, తోలేవాని చెయ్యి తప్పినా బండి తప్పకూడదు, అట్ల జేసి పెట్టప్పా అని, మంచి మాట గదా, అవును, మంచి మాటే, ఎంత జాగ్రత్తగా కట్టిన మాట, తప్పిన చెయ్యి ఎవరిదో అందులో లేదు.

ఎవరిదో ఆమెకు తెలుసు, తెలుసనే అనుకుంటుంది, ఆ సాయంత్రం పీలేరులో పెళ్ళి చూసుకుని భాకరాపేట ఘాటు దిగుతున్నారు, తల్లో మల్లెలు ఇంకా వాడలేదు, కుడి పక్క పొదల్లోంచి ఎనుము ఒకటి ఎక్కి వచ్చి నడిరోడ్డులో నిలబడిపోయింది, దాని వెనక, కుడివైపు రోడ్డంతా ఖాళీ, ఎడమన తొలిచిన కొండరాయి, స్టీరింగు మీద ఆయన రెండు చేతులూ ఎడమకు పోవడం ఆమె చూసింది, ఎడమకు, అంటే తను కూర్చున్న పక్కకు, ఆ తర్వాత రాయి, అద్దం, గాజులు, మణికట్టులో ఎముక, ఇప్పుడక్కడ చర్మం కింద ఒక స్టీలు పలక ఉంది, మంచు పడిన ఉదయాల్లో అది తానున్నానని చెబుతుంది, ఆయనకు గీత కూడా పడలేదు, ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని ఆయనన్నదల్లా, బండి ఊగిపోయింది పంకజా అని, చేతులు ఎటు తిప్పాడో చెప్పలేదు, ఆమె అడగలేదు, కాదంటే నమ్మడం చేతకాదు, అవునంటే కలిసి బతకడం చేతకాదు, డిగ్రీ కాలేజీలో తర్కం చెప్పే మనిషి ఆమె, సంశయాన్ని గురించి ఏటా ఒకే ఉదాహరణ ఇస్తుంది, మసక వెలుతురులో దూరాన నిలువుగా ఏదో కనబడుతుంది, మోడా, మనిషా, రెండింటికీ ఉన్న పొడవు కనబడుతుంది, ఒకదానికే ఉన్న గుర్తు కనబడదు, అదే సంశయమంటే, పోయినేడు మహిత అనే పిల్ల లేచి, దగ్గరికి పోయి సూసేస్తే అయిపోతుంది గదా మేడమ్, అంది, క్లాసంతా నవ్వింది, తనూ నవ్వింది, కానీ ఇక్కడ దగ్గరికి పోవడమెట్లా, గడిచిపోయిన ఒక క్షణం దగ్గరికి, ఇంకొకరి చేతుల దగ్గరికి, బండి ఊగిందా, చెయ్యి ఎంచుకుందా, ఇన్నేళ్ళు పక్కన నిద్రపోయిన మనిషిలో, అన్నిటికన్నా అడుగున, తానా ఆమెనా అని అడిగితే వచ్చే జవాబు ఎప్పటినుంచో సిద్ధంగా ఉండిందా.

అప్పటినుంచి ఆమె వెనక సీట్లోనే కూర్చుంటోంది, అది కూడా ఆయన వీపు వెనకే, తిరుచానూరు పోయినా, కాలేజీకి పోయినా, ఎదురింటి శకుంతలమ్మ గేటు పట్టుకుని, ఏమబ్బా ప్రసాదూ, డ్రైవరు ఉజ్జోగంలో ఎప్పుడు సేరినావు, మీ మేడము జీతమన్నా ఇస్తాందా, అంటే, జీతం యాడిది పెద్దమ్మా, తిండి వరకే, అని ఆయన నవ్వాడు, శకుంతలమ్మా నవ్వింది, ఆ నవ్వు కారులోకి మాత్రం రాలేదు, అద్దంలో ఆయన కళ్ళు ఒకసారి ఆమె వైపు వచ్చి తిరిగిపోయాయి, చిత్తూరు కాలేజీలో ఖాళీ ఉంది, సరేనంటే బదిలీ, అక్కడ చెల్లెలు లోకేశ్వరి ఇంటి మేడ మీద గది, రాక్కా, ఎండాకాలం కొంచెం కాలతాది గానీ గాలికేం తక్కువ లేదు, అని చెల్లెలు పిలుస్తూనే ఉంది, రేపు కాలేజీలో మాట చెప్పాలి, ఈ సాయంత్రం ఆయనకు చెప్పాలి, ఉద్యోగం కోసమేనని చెప్పొచ్చు, ఆయనా ఉద్యోగం కోసమేనని ఒప్పుకుంటాడు, విడిపోవడమన్న మాట ఇద్దరి నోటా రాదు, రాకుండానే అది జరిగిపోతుంది.

షెడ్డు నుంచి బయలుదేరేటప్పుడు చూస్తే వెనక సీటు నిండా గోనెపట్టాలో చుట్టిన పాత సామాను, ఇనుప కొట్టుకు పోవలసినవి వెంట రావడమెందుకు, తను ముందు కూర్చోక తప్పని ఏర్పాటు కాదా ఇది, ఘాటు దాకా పోయొద్దాం, బండి ఎట్లుండాదో సూస్తువు, అన్నాడు మునిప్రసాద్, ఆమె ఎడమ పక్క ఎక్కి బెల్టు పెట్టుకుంది, నిజమే, గుంత వస్తే గుంతే, నడుముకు తెలుస్తోంది, ఇదివరకు ఈ కారు ప్రతి గుంతనూ మింగి ఊయలలాగా ఊగి మరిపించేది, ఇప్పుడు ఏదీ మరిపించదు, ఘాటు మొదలయింది, మలుపులో ఒళ్ళు పక్కకు జారడం లేదు, ఆయన చక్రాన్ని ఎంత తిప్పితే బండి అంతే తిరుగుతోంది, ఎక్కువా లేదు, తక్కువా లేదు, సరే, బండి చెయ్యి వింటోంది, అయితే ఇకమీదట ఏం జరిగినా చెయ్యి చెప్పిందే అవుతుంది, మెత్తటి బండి ఇన్నాళ్ళూ ఆయనకొక చాటుగా ఉండింది, నిజానికి ఆమెకూ అది చాటే, బండేమో అని అనుకోవడానికి ఒక సందు ఉండేది, ఆ సందును తనే పూడ్పించుకుంటున్నాడు, ఎందుకు, అంత ధీమానా, ఆ రాయి వచ్చింది, ఎక్కుతున్నారు కాబట్టి ఇప్పుడది కుడివైపున ఉంది, మీద ఇంకా తమ బండి రంగు గీసుకుని ఉంది, ఆమె రాయిని చూడలేదు, ఆయన చేతులు చూసింది, వేళ్ళు ఒకసారి బిగిసి వదిలాయి, తప్పు చేసిన వేళ్ళు బిగుస్తాయి, భయపడిన వేళ్ళూ బిగుస్తాయి, రెండింటికీ ఉన్న పొడవే కనబడుతోంది.

పైన బంకు దగ్గర టీ తాగాక ఆయన తాళం ఆమె ముందు పెట్టాడు, తోలి సూడు, ఆమెకు నవ్వొచ్చింది, చివరి సాక్షి తనేనన్నమాట, అవునండీ బండే మారిపోయింది అని ఒక్కసారి తన నోటితో అంటే కేసు ముగిసిపోతుంది, నా మణికట్టు సంగతి తెలీదా మీకు అంది, గేరు మెత్తగానే పడతాదిలే, నొప్పయితే నిలిపేద్దువు, అని ఆయన అప్పటికే ఎడమ పక్క తలుపు తీసి కూర్చున్నాడు, ఆమె కూర్చుంది, ఎన్నాళ్ళయింది, మొదటి మలుపు బెదురుతో, రెండోది కాస్త తేలికగా, మూడోదానికి లోపల ఏదో విచ్చుకుంది, బండి తన అరచేతుల్లోంచే పుట్టి రోడ్డు మీదికి పోతున్నట్టుంది, ఈ సంతోషం మీద కూడా ఆమెకు అనుమానమే, ఇది కూడా ఆయన అమర్చిందేనా, దిగేటప్పుడు ఆ రాయి మళ్ళీ ఎడమకు వచ్చింది, ఆయన కిటికీకి ఆనుకుని దాన్ని పోయేదాకా చూశాడు, ఘాటు అయిపోయింది, నేల చదునయింది, మామిడి తోటలు, ముందు చిన్న కల్వర్టు, సాయంత్రం చిత్తూరు మాట ఎట్లా మొదలుపెట్టాలా అనుకుంటోంది, భోజనమయ్యాక చెప్తే, కాదు, టీ ఇచ్చేటప్పుడు, ఏమండీ లోకేశ్వరి ఫోన్ చేసింది అని, అంతలో కుడి పక్క తోటదారిలోంచి గడ్డిమోపు కట్టిన మోపెడ్ ఒకటి రోడ్డెక్కి, కారును చూసి బెదిరి, నడిమధ్యలో కాళ్ళు దించి నిలబడిపోయింది.

బండి ఆగి ఉంది, ఇంజను ఆగి ఉంది, ఏం జరిగిందో ఆమె చివరి నుంచి మొదటికి చూసుకుంటోంది, ఆయన కిటికీ పక్కన జానెడు దూరంలో కల్వర్టు గోడ, గోడ మీద చీమలు కూడా కనబడుతున్నాయి, వెనకనుంచి మోపెడ్ మనిషి, యాడ సూస్తా ఉండావమ్మా, కండ్లు ఇంట్లో పెట్టొచ్చినావా, అని అరిచి గడ్డిమోపు సర్దుకుని పోతున్నాడు, మోపెడ్ వెనక, కుడివైపు రోడ్డంతా ఖాళీగా ఉండింది, ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు లేదు, అప్పుడు ఏదీ లేదు, కుడి లేదు, ఎడమ లేదు, పక్కన మనిషి ఉన్నాడన్న ఎరుకే లేదు, ఆలోచన పుట్టకముందే చేతులు పోయాయి, ఎడమకు, ఆయన పక్కకు, ఇదే బండి మునుపటిలా ఉండుంటే ఊగి, ఒరిగి, ఆ గోడకు ఆయన్ని అప్పగించేది, ఈ బండి ఒరగలేదు, తోక విసరలేదు, తన చేతులు చేసిన తప్పును గోడకు జానెడు ఇవతల ఆపింది, మరి ఎవరు ఎంచుకున్నారు, ఆమె తనలోపల వెతికింది, దగ్గరికి, ఇంకా దగ్గరికి పోయి చూసింది, అక్కడ మోడూ లేదు, మనిషీ లేదు, రెండు చేతులున్నాయి, అంతే, డాష్‌బోర్డుకు ఆనించిన అరచెయ్యి ఆయన మెల్లగా తీసుకున్నాడు, గోడ వైపు చూశాడు, ఆమె చేతుల వైపు చూశాడు, అంటాడు, ఇప్పుడంటాడు, చూసినావా నీ చెయ్యి ఎటు పోయిందో అని, ఆ మాట అనడానికి ఈ భూమ్మీద హక్కున్నవాడు ఒక్కడే, ఆ ఒక్కడు తన పక్కనే కూర్చున్నాడు, ఆమె ఎదురుచూసింది, నిలబడింది పంకజా, బండి నిలబడింది, అన్నాడు, నొప్పెత్తిందా చెయ్యి, అన్నాడు, దిగి ఇటు రమ్మంటాడేమో, తాళం అడుగుతాడేమో అనుకుంది, అడగలేదు, జారిన బెల్టు సర్దుకుని, ఇన్నాళ్ళు ఆమె కూర్చోనని మొండికేసిన ఆ సీట్లోనే వీపు వెనక్కి ఆనించి, పోదాం, నువ్వే తోలు, అన్నాడు, ఆమె గేరు వేసింది, మణికట్టు చురుక్కుమంది, చూశాడు ఆయన, ఈరోజు ఆమె చేతులు చూశాడు, ఆ రోజు తన చేతులూ చూసుకునే ఉంటాడు, చూసుకున్నాడు గనుకనే తోలేవాని చెయ్యి తప్పినా అని ఎవరి పేరూ లేకుండా చెప్పగలిగాడు, ఆ చెయ్యి తనదీ కావచ్చు, ఆమెదీ కావచ్చు, చేతుల్ని బాగుచేసే షెడ్డు ఎక్కడా లేదని తెలిసి, ఆయన వాటి కిందున్నదాన్ని బాగు చేయించాడు.